రాచిప్పే గతి

ఒకానొక రాజ్యంలో అంటే, ఏ రాజ్యమో అని మాత్రం అడక్కండి. పేరు చెబితే ఆ రాజుగారి మునిమనవడెవడో కర్ర పుచ్చుకుని వస్తాడని నా భయం. ఇది భయపడ్డవాళ్ళ కథ. చెప్పేవాణ్ణి కూడా కాస్త భయపడనివ్వండి.

ఆ రాజ్యాన్ని హేమాంగదుడనే రాజు ఏలేవాడు. మనిషి పచ్చగా, బొద్దుగా ఉండేవాడు. మీసం మెలితిప్పి వదిలితే చెవుల దాకా పోయేది. దుర్మార్గుడని అనలేం గానీ, కోపం వస్తే ముందు తల తీయించి తరవాత సంగతేమిటని అడిగే రకం. రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా అంటారు చూడండి, అక్కడ దెబ్బలతో పోయేది కాదు.

ఆయనకు ఇంకో జబ్బు కూడా ఉండేది. మెరిసేది కనబడితే ఆగలేడు. ఒకసారి పొరుగురాజు ఇంట పెళ్ళికి వెళ్ళి, అక్కడ వరసగా పేర్చిన ఇత్తడి బిందెలు దీపాల వెలుగులో తళతళలాడుతుంటే చూసి వచ్చాడు. వచ్చీ రాగానే, పుట్టి బుద్ధెరిగిన తరవాత మొదటిసారిగా, తన వంటశాలలో అడుగు పెట్టాడు.

వంటశాలకు పెద్ద పేరిందేవి. నడివయసు దాటిన వితంతువు. రాజుగారి తండ్రికీ ఆవిడే వండిపెట్టింది. రాజు గుమ్మంలో కనబడేసరికి ఆవిడ చేతిలో తెడ్డు జారిపోయింది. మహారాజు వంటింట్లోకి వచ్చాడంటే ఎవరికో మూడిందన్నమాటే కదా!

రాజు చుట్టూ చూశాడు. మట్టికుండలు, ఇనప మూకుళ్ళు, పెనాలు, కొబ్బరి చిప్పకు కర్ర బిగించిన గరిటెలు. ఓ మూలన నల్లగా నిగనిగలాడే రాచిప్పలు. రాచిప్ప తెలుసుగా? మెత్తటి రాయిని తొలిచి చేస్తారు, పులుసుకు అంతకు మించిన గిన్నె లేదు. రాతిచిప్ప అన్న మాటే జనం నోళ్ళలో నలిగి రాచిప్ప అయింది. ఆ ఊళ్ళో అది లేని ఇల్లు లేదు.

"ఛీ! ఇదేమన్నా వంటశాలా, బొగ్గుల కొట్టా?" అన్నాడు రాజు. "ఇవన్నీ అవతల పారేయించండి. నా మొహం కనిపించని గిన్నె నా వంటశాలలో ఉండడానికి వీల్లేదు!"

మర్నాడే వర్తకులు గిన్నెలు దింపారు. రాజుగారు స్వయంగా ఎంచారు. ఎలా ఎంచారనుకున్నారు? బరువు చూశారా, అడుగు మందం చూశారా, వేలితో తట్టి మోత విన్నారా? అబ్బే! గిన్నె ఎత్తి మొహానికి ఎదురుగా పెట్టుకుని మీసం మెలితిప్పేవాడు. మీసం కొనదాకా కనబడితే తీసుకోమనేవాడు, లేకపోతే లేదు. ఇంకేముంది, పల్చటి రేకు గిన్నెలన్నీ లోపలికి వచ్చాయి, మందపాటివన్నీ బండెక్కి వెనక్కి పోయాయి. పైన పటారం, లోన లొటారం.

అంతటితో ఆగినా బాగుండేది. ఓ గిన్నె లోపలికి తొంగి చూసి రాజు మొహం చిట్లించాడు. "లోపల ఈ తెల్లటి పూత ఏమిటి?"

"కళాయి ప్రభూ, తగరం పూత" అన్నాడు వర్తకుడు.

"బంగారంలాంటి ఇత్తడికి సున్నం కొట్టినట్టు ఈ దరిద్రమేమిటి? గీకించండి!"

పేరిందేవి గుండె గుభేలుమంది. కళాయి లేని ఇత్తడిలో పులుపు వండకూడదని వంటింటి మొహం చూసిన ఎవరికైనా తెలుసు. చెబుదామని నోరు తెరిచింది. రాజు పక్కన కత్తి పట్టుకుని నిలబడ్డ భటుడు ఆవిడ వంక చూశాడు. నోరు మూసుకుంది.

ఆ రోజు నుంచీ ఆవిడకు కంటి మీద కునుకు లేదు. పల్చటి గిన్నెల్లో అన్నం పైన పలుకు, అడుగున మాడు. ఇత్తడి గరిటె పట్టుకుంటే చెయ్యి కాలేది. అన్నం మాడితే పైపైన తీసి వడ్డించేది, కాలిన అరచేతిని కొంగులో దాచుకునేది. పులుసు జోలికి మాత్రం పోలేదు. పప్పు, పెరుగుపచ్చడి, వేపుళ్ళతో నెట్టుకొచ్చింది. ఎన్నాళ్ళు నెట్టగలదు? ఓ మధ్యాహ్నం రాజు కంచం ముందు కూర్చుని, "ఏదీ, ముక్కల పులుసు? ఈమధ్య కనపడ్డమే మానేసింది! రేపు పెట్టకపోతే ఊరుకోను" అన్నాడు.

మర్నాడు పులుసు పెట్టక తప్పలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. దేవుడి మీద భారం వేసి, చింతపండు పిసికి, ఆ మెరిసే గిన్నెలోనే కాచింది. పొయ్యి మీద నుంచి త్వరగా దించేస్తే గండం గడుస్తుందేమో అనుకుంది. గడవలేదు.

రాజు ఒక్క ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. మొహం వంకర్లు పోయింది. తుపుక్కున ఉమ్మేశాడు. వెండి గిన్నెలో పులుసు అంచున పచ్చగా చిలుము తేలుతోంది.

"విషం!" అని అరిచాడు. కంచం ఎగిరి గోడకు తగిలింది.

పేరిందేవిని కొలువులోకి ఈడ్చుకొచ్చారు. కొలువు నిండా జనం. మంత్రి, దళవాయి, కోశాధికారి, అందరూ ఉన్నారు. సింహాసనం పక్కన ఆస్థాన పండితుడు శంభుభట్టు, ఎర్ర శాలువా కప్పుకుని కూర్చున్నాడు. అందరికన్నా వెనక, స్తంభం చాటున, మన బయ్యన ఉన్నాడు.

బయ్యన రాజుగారి విదూషకుడు. రాజును నవ్వించడం అతని ఉద్యోగం. నవ్వించలేని రోజున ఏమవుతుందోనని వణకడం అతని అలవాటు. బల్లి పడ్డా ఉలిక్కిపడతాడు. అందుకే కొలువులో అందరూ బయ్యన అనడం మానేసి భయ్యన అని పిలిచేవాళ్ళు.

"పులుసులో ఏం కలిపావు?" రాజు అరిచాడు.

"ఏమీ కలపలేదు ప్రభూ!" పేరిందేవి నేలకు చేతులానించి దణ్ణం పెట్టింది. "తమ తండ్రిగారికి వండిన చేయి ఇది. ఆ కొత్త గిన్నెలు పులుసుకు పనికిరావు. ఎన్ని తెప్పించినా అంతే. ఇక ఏలినవారికి రాచిప్పే గతి!"

రాజుగారు ఆ మాట ఎన్నడూ వినలేదు. వంటింటి మాటలు ఆయనకెలా తెలుస్తాయి? పండితుడి వైపు తిరిగాడు. "ఏమంటుందిది? రాచిప్ప అంటే ఏమిటి?"

శంభుభట్టు ఇంట్లో మాత్రం రాచిప్ప లేదా? నిక్షేపంగా ఉంది, పొద్దున్న చారు తాగి వచ్చింది కూడా అందులో కాచిందే. కానీ నిండు కొలువులో రాజు అడిగినప్పుడు పులుసుగిన్నె అని చెబితే పాండిత్యం ఏముంటుంది? ఆయన గొంతు సవరించుకున్నాడు.

"మహారాజా! రాచ అనగా రాజుకు చెందినది. రాచనగరు, రాచబాట అన్నట్టు. చిప్ప అనగా బిచ్చగాడి చేతిలోది. రెండూ కలిస్తే..." అని ఆగి, చెవులు మూసుకున్నాడు. "శివ శివ! రాజుకు ముష్టిచిప్పే గతి అని శపిస్తోంది ప్రభూ!"

కొలువు కొలువంతా బిగుసుకుపోయింది.

చూడండి, ఇక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. అక్కడున్న ప్రతివాడికీ రాచిప్ప అంటే ఏమిటో తెలుసు! మంత్రికి తెలుసు, ఆయన పైకప్పు చూస్తున్నాడు. దళవాయికి తెలుసు, యుద్ధంలో ఏనుగుకు ఎదురెళ్ళిన మొనగాడు, కాలి బొటనవేలు చూసుకుంటున్నాడు. బయ్యనకూ తెలుసు. బతికుంటే బలుసాకు తినొచ్చనుకుని స్తంభానికి ఇంకాస్త అతుక్కుపోయాడు.

రాజు మొహం మొదట ఎర్రబడి, తరవాత పాలిపోయింది. ఆయనకు కోపం కన్నా భయం ఎక్కువైంది, ఎవరికీ తెలియనివ్వలేదు.

"రేపు నా భోజనం వేళకు దీని తల ఉండకూడదు" అన్నాడు. "ఆ మాటకు అర్థం అది కాదని ఎవడైనా అన్నాడో, వాడి తల కూడా దీని తల పక్కనే. ఆ చిప్ప పేరు ఈ రాజ్యంలో మళ్ళీ వినపడకూడదు!"

భటులు పేరిందేవిని లేపి తీసుకుపోతుంటే ఆవిడ స్తంభం వైపు చూసింది. బయ్యన కొలువులో కొత్తగా చేరినప్పుడు, "తిన్నావా నాయనా?" అని అడిగిన మనిషి ఆ కోట మొత్తానికి ఆవిడ ఒక్కతే. ఆ చూపు తప్పించుకుని బయ్యన తలుపు వెతుక్కున్నాడు.

ఇంటికి వెళ్తుంటే వీధి వీధంతా తలుపులు మూసుకుంటున్నారు. కొలువులో మాట కోట గోడ దాటడానికి ఎంతసేపు? రాచిప్పలు దాచేస్తున్నారు జనం. గడ్డివాములో ఒకరు, బావిలో ఒకరు, బియ్యం కుండలో మరొకరు. ఒకావిడైతే పెరట్లో గొయ్యి తీసి పూడ్చి పైన తులసి మొక్క నాటేసింది.

బయ్యన భార్య నాచమ్మ మాత్రం ఏమీ దాచలేదు. పొయ్యి మీద రాచిప్పలో పులుసు కుతకుతలాడుతోంది.

"నీకు పిచ్చి పట్టిందా? దించు, దించు! ఎవరైనా చూస్తే!" అన్నాడు బయ్యన తలుపు గడియ పెడుతూ.

"చూస్తే చూడనివ్వండి. మా అమ్మమ్మ కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్న రాచిప్ప ఇది. మీ రాజు పుట్టకముందు నుంచీ పులుసు కాస్తోంది" అంది నాచమ్మ. "పేరిందేవమ్మగారిని చంపేస్తారటగా? మీరు అక్కడే ఉన్నారటగా?"

"ఉన్నాను."

"నోరు పెగల్లేదా?"

బయ్యన పీట వాల్చుకుని కూర్చున్నాడు. అతనికి భయమేస్తే ఆకలి ఎక్కువ, అదో ఖర్మ. నాచమ్మ విసురుగా అన్నం పెట్టి, చిన్న రాచిప్పలో పులుసు పోసి పక్కన పెట్టింది.

"గిన్నెలో మొహం చూసుకుంటాడట! మొహం చూసుకోవాలంటే అద్దం కొనుక్కోవాలి గానీ గిన్నె ఎందుకండీ? గిన్నె ఎంచడం ఆడపిల్లకు పెళ్ళికొడుకును ఎంచినట్టు. మెరుపు చూస్తారా ఎవరైనా? నిప్పు మీద పెడితే నిలుస్తాడా లేదా అన్నది చూస్తారు."

"నన్నలాగే ఎంచారా మీవాళ్ళు?" అన్నాడు బయ్యన.

"మా నాన్న ఆ రోజు కళ్ళుండీ గుడ్డివాడైపోయాడు, ఏం చేస్తాం!"

బయ్యన కళ్ళనిండా నీళ్ళు తిరుగుతున్నాయి, చెయ్యి మాత్రం ముద్దలు కలుపుతూనే ఉంది. చిప్ప ఖాళీ అయింది. అలవాటు కొద్దీ దాన్ని ఎత్తి పట్టుకుని, "ఇంకాస్త వెయ్యి" అన్నాడు.

"సిగ్గులేకపోతే సరి! అక్కడ ఆవిడ తల పోతుంటే ఇక్కడ చిప్ప చాపుతున్నారు, ముష్టివాడిలా!"

బయ్యన చెయ్యి గాలిలో అలాగే ఆగిపోయింది. చేతిలోని చిప్ప వంక చూశాడు. నాచమ్మ వంక చూశాడు. మళ్ళీ చిప్ప వంక చూశాడు.

"నాచీ, రేపు కొత్త రాచిప్ప ఒకటి కొనాలి. ఎక్కడ దొరుకుతుంది?"

"ఎందుకూ?"

"రాజుగారి ఎదట పులుసు కాయించాలి."

నాచమ్మ అతని మొహం తేరిపార చూసింది. అంతటి పిరికివాడి నోట ఆ మాట వచ్చేసరికి ఆవిడకే భయం వేసింది. "కొత్తది పనికిరాదు" అంది నెమ్మదిగా. "కొత్త రాయిని గంజితో, నూనెతో మరిగించి మరిగించి అలవాటు చేయాలి. లేకపోతే నిప్పు తగలగానే టప్పున పగులుతుంది. అది పగిలిందంటే ఆవిడ తలా పోతుంది, మీ తలా పోతుంది." పొయ్యి మీదున్న రాచిప్పను దించి, కొంగుతో తుడిచింది. "ఇది పట్టుకెళ్ళండి. ఆ చిన్నది కూడా. నా గిన్నె మాత్రం నాకు తెచ్చివ్వండి, తెలిసిందా? గిన్నెతో పాటు మీరు కూడా రండి."

చివరి మాట అంటూ ఆవిడ పొయ్యి వైపు తిరిగిపోయింది.

తెల్లారింది. బయ్యన సంచీ చంకన పెట్టుకుని కొలువుకు వెళ్ళాడు. సంచీలో పెద్ద రాచిప్పకు చిన్న రాచిప్ప తగిలి టకటకమంటుంటే, ప్రతి టకకూ అతని ప్రాణం లేచిపోతోంది.

రాజు సింహాసనం మీద కూర్చుని ఉన్నాడు గానీ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా కన్ను మూస్తే చాలు, చేతిలో చిప్ప కనబడేదట.

"మహారాజా!" బయ్యన సాగిలపడ్డాడు. లేవకుండా అక్కడి నుంచే మాట్లాడాడు. "ఒక సందేహం. చెప్పమంటే చెబుతాను, వద్దంటే వెళ్ళిపోతాను."

"చెప్పు."

"శంభుభట్టుగారు చెప్పిన అర్థం అక్షరాలా నిజం. అందులో సందేహం లేదు."

శంభుభట్టు శాలువా సర్దుకున్నాడు.

"నా సందేహమల్లా ఒకటే. శాపం పెట్టిన నోరే దాన్ని తీయాలంటారు పెద్దలు. ఈ మధ్యాహ్నం ఆ నోరు పోతుంది. శాపం మాత్రం ఉండిపోతుంది. అప్పుడు తీసేవాళ్ళెవరు ప్రభూ?"

రాజు పండితుడి వంక చూశాడు. "ఏమయ్యా, నిజమేనా?"

"శా... శాస్త్రసమ్మతమే ప్రభూ" అన్నాడు శంభుభట్టు. తన మాట నిజమన్నవాడి మాట అబద్ధమని ఎలా అంటాడు?

"మరి దారేమిటి?" రాజు ముందుకు వంగాడు.

"శాంతి ఉంది ప్రభూ. రాజు చేతికి చిప్ప రావాలి, అంతే కదా శాపం? అదేదో ఎప్పుడో వచ్చేదాకా ఆగడమెందుకు? ఇవాళే, ఇక్కడే, మన కోటలోనే రప్పించేస్తే తీరిపోతుంది. తమరు చిప్ప చేత్తో పట్టుకుని భోంచేస్తే చాలు. అయితే శపించిన మనిషి చేతనే వండించాలి, ఆ చిప్పలోనే వండించాలి."

"నేను ముష్టి ఎత్తాలా?" రాజు చేయి కత్తి మీదికి పోయింది.

"శివ శివా! తమరు భోంచేస్తారు ప్రభూ, భోంచేస్తారు!" బయ్యన గొంతు కీచుమంది.

"మళ్ళీ విషం పెడితే?"

"ముందు నేను తింటాను."

రాజు కత్తి మీద నుంచి చేయి తీశాడు. "ఇంతకూ ఆ చిప్ప ఎక్కడ దొరుకుతుంది?"

కొలువంతా ఊపిరి బిగపట్టింది. దొరుకుతుందంటే ఎవరింట్లో అని అడుగుతాడు.

"నా భార్య అమ్మమ్మగారిది ఒకటి ఉంది ప్రభూ" అన్నాడు బయ్యన. "ఆవిడ పోయి చాలాకాలమైంది. తల తీయించడం కుదరదు."

కోట పెరట్లో పొయ్యి పెట్టారు. పేరిందేవిని తెచ్చారు. మణికట్ల మీద తాళ్ళు ఒరుసుకున్న గుర్తులు. ఓ రాత్రిలోనే మనిషి సగమైపోయింది. బయ్యన సంచీలోంచి రాచిప్ప తీసి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ దాన్ని చూసి, చేత్తో ఎత్తి బరువు చూసుకుంది. వేలి కణుపుతో తట్టి చెవి ఒగ్గింది. లోపల బొటనవేలితో రుద్ది చూసింది.

"పగుళ్ళు లేవు నాయనా, బాగా మరిగిన రాయి" అంది మెల్లగా. "ఎందుకు చేస్తున్నావిదంతా? నీ తల నువ్వు కాపాడుకోక?"

"తిన్నావా పిన్నమ్మా?" అన్నాడు బయ్యన. అంతకన్నా ఏమనాలో అతనికి తోచలేదు.

ఆవిడ కళ్ళు తుడుచుకుని పొయ్యి ముందు కూర్చుంది. సన్నని సెగ మీద రాచిప్ప పెట్టింది. నూనె వేసి, రాయి మెల్లగా వేడెక్కేదాకా ఆగింది. పోపు వేసింది. సొరకాయ, ములక్కాడ, చిలగడదుంప ముక్కలు వేసింది. చింతపండు రసం పోసింది.

టప్పుమని చప్పుడైంది.

బయ్యన గుండెల్లో రాయి పడింది. పగిలిందా? కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. నాచమ్మ మొహం కనిపించింది. ఓ కన్ను తెరిచి చూశాడు. పొయ్యిలో పచ్చి కట్టె చిట్లింది. రాచిప్ప చెక్కుచెదరలేదు.

బెల్లం వేసి, వాసన ఘుమ్మన్నాక పేరిందేవి గిన్నెను దించి నేల మీద పెట్టింది. దించినా ఆ పులుసు ఉడకడం ఆగలేదు. నేల మీదే కుతకుత, కుతకుత.

"క్షుద్రం!" శంభుభట్టు ఎగిరి లేచాడు. "నిప్పు లేకుండా ఉడుకుతోంది! చేతబడి ప్రభూ!"

భటులు వెనక్కి తగ్గారు. రాజు లేచి నిలబడ్డాడు. ఒక్క మాట తేడా వస్తే రెండు తలలూ అక్కడే దొర్లుతాయి.

"చేతబడి కాదు ప్రభూ!" బయ్యన అరిచాడు. అరిచాక తన గొంతుకు తనే జడిశాడు. "రాయి గుణమది. వేడెక్కడానికి ఆలస్యం, చల్లారడానికీ ఆలస్యం. శంభుభట్టుగారి కోపంలా."

రాజు పెదవి చివర ఏదో కదిలింది. మళ్ళీ కూర్చున్నాడు.

ముందు బయ్యన తిన్నాడు. అందులో విషం లేదని తెలిసినా ముద్ద గొంతులో అడ్డం పడింది. అందరూ అతను పడిపోతాడేమోనని చూస్తున్నారు. పడిపోలేదు. రాజు ముందు అరటాకు వేసి అన్నం వడ్డించారు. కాస్త చల్లారాక చిన్న రాచిప్పలో పులుసు పోసి రాజు ఎడమ చేతిలో పెట్టారు. ఆయన కళ్ళు మూసుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.

కళ్ళు తెరిచాడు. ఇంకో ముద్ద తిన్నాడు. ఇంకోటి. ఎవరూ కదలడం లేదు. ములక్కాడ జుర్రిన చప్పుడు పెరడంతా వినిపించింది.

"నిన్నటి పులుసూ ఇదేనా?" అన్నాడు నోటినిండా పెట్టుకుని.

"అదే చింతపండు, అదే బెల్లం, అదే చెయ్యి ప్రభూ" అంది పేరిందేవి. "ఇత్తడికీ పులుపుకూ పడదు. మధ్యన కళాయి ఉంటే ఊరుకుంటాయి. కళాయి గీకేస్తే చిలుము పులుసులోకి దిగుతుంది. రాయికి ఆ పట్టింపు లేదు."

రాజు విన్నాడో లేదో తెలియదు. చిప్ప ఖాళీ అయింది. ఆయన మీసాల నిండా పులుసే. ఖాళీ చిప్పను రెండు చేతులతో పేరిందేవి ముందుకు చాపాడు.

"అమ్మా, ఇంకాస్త వెయ్యమ్మా!"

బయ్యన గబుక్కున నేల మీద సాగిలపడ్డాడు.

"మహారాజా! శాపం తీరిపోయింది! రాజుగారు చిప్ప పట్టుకున్నారు, 'అమ్మా, ఇంకాస్త వెయ్యమ్మా' అని అడిగారు. ముష్టి కూడా దొరికింది. ఇక శంభుభట్టుగారి అర్థంలో ఒక్క అక్షరం బాకీ లేదు!"

పెరడంతా చప్పున చల్లబడింది. చెట్టు మీద కాకి కూడా అరవలేదు. రాజు తన చేతిలోని చిప్ప చూశాడు. చాచిన చేతులు చూశాడు. గరిటె పట్టుకుని నిలబడ్డ పేరిందేవిని చూశాడు. మొహం ఎర్రబడసాగింది. మంత్రి కళ్ళు మూసుకున్నాడు. బయ్యన, నేలకు ఆనించిన నుదురు ఎత్తకుండా, ఈ మెడ మీద కత్తి పడితే చల్లగా ఉంటుందా, వెచ్చగా ఉంటుందా అనుకుంటున్నాడు.

ముందు రాజు పొట్ట కదిలింది. తరవాత భుజాలు కదిలాయి. తరవాత పకపకా నవ్వాడు చూడండి, చిప్ప చేతిలోంచి జారిపోయేటంత నవ్వు! బయ్యన పాక్కుంటూ వెళ్ళి దాన్ని నేల తగలకుండా పట్టుకున్నాడు. నాచమ్మంటే అతనికున్న భయం అలాంటిది మరి.

రాజు ఒక్కడే నవ్వుతున్నాడు. మిగతావాళ్ళు నవ్వవచ్చో లేదో తెలియక పళ్ళు బిగించుకుని నిలబడ్డారు.

"నవ్వండయ్యా!" అన్నాడు రాజు. అప్పుడు నవ్వారు. అది నవ్వు కాదు, పోయిన ప్రాణాలు తిరిగొచ్చిన చప్పుడు.

నవ్వు తగ్గాక రాజు కళ్ళు తుడుచుకుని పండితుడి వైపు తిరిగాడు. "శంభుభట్టుగారూ, మీ ఇంట్లో పులుసు దేంట్లో కాస్తారు?"

"రా... రా..." శంభుభట్టుకు చెమటలు పట్టాయి. ఆ పేరు పలకకూడదని రాజాజ్ఞ! "రాతితో చేసిన... గుండ్రని... అదే ప్రభూ!"

రాజు మంత్రి వంక చూశాడు. మంత్రి తల దించుకున్నాడు. దళవాయి వంక చూశాడు. అతనూ దించుకున్నాడు.

"అంటే మీకందరికీ తెలుసన్నమాట. నిన్ననే తెలుసు. మరి ఒక్కడూ చెప్పలేదేం?"

చివరికి బయ్యనే అన్నాడు. "తలల మీద ఆశ ప్రభూ. నేను కూడా చెప్పలేదు."

రాజు నవ్వు మాయమైంది. పేరిందేవి మణికట్ల మీది తాళ్ళ గుర్తులు అప్పుడు కనబడ్డాయి ఆయనకు. అరచేతుల్లో కాలిన బొబ్బలూ కనబడ్డాయి.

"ఒక మనిషి తల పోయేది" అన్నాడు నెమ్మదిగా. "ఒక్క గిన్నె పేరుకు." లేచి ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. "అమ్మా, ఇందాక ముష్టి అడిగాను, వేశావు. ఇప్పుడు క్షమాపణ అడుగుతున్నాను. అదీ వెయ్యి."

పేరిందేవి ఏడ్చేసింది. గరిటెడు పులుసు ఆయన ఆకులో పోసింది.

ఆ రోజే పాత మూకుళ్ళు, కుండలు, రాచిప్పలు వంటశాలకు తిరిగొచ్చాయి. ఇత్తడి గిన్నెలకు మళ్ళీ కళాయి వేయించారు. వంటశాలలోకి ఏ గిన్నె రావాలన్నా పేరిందేవి తట్టి చూసి ఊఁ అనాలని ఆజ్ఞ అయింది. బయ్యనకు రాజుగారు తన చేతి కడియం తీసి తొడిగారు. శంభుభట్టుకు శిక్ష ఏమీ వేయలేదు. ఇంట్లో గిన్నెలన్నిటి పేర్లూ, వాటి వాడుకా, భార్యను అడిగి నేర్చుకుని వచ్చి కొలువులో అప్పజెప్పమన్నాడు, అంతే. శిక్ష వేసినా బాగుండేదని ఆయన తరవాత అన్నాడట.

బయ్యన ఇల్లు చేరేసరికి నాచమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. మొగుడి మెడ వంక చూసి, తల ఉందని నిర్ధారణ చేసుకుని, కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. ఏడుపు అయిపోగానే కళ్ళు తుడుచుకుంది.

"నా గిన్నేదీ?"

బయ్యన జరిగిందంతా చెప్పి కడియం చూపించాడు.

"కడియంలో పులుసు కాయనా? నా గిన్నేదండీ?"

"చిన్నది తెచ్చాను" అన్నాడు బయ్యన నసుగుతూ. "పెద్దది... రాజుగారు ఇవ్వనన్నారు. దాని బదులు ఇదిగో, ఇది ఇచ్చారు." వెనక నుంచి భటుడొకడు నిలువెత్తు ఇత్తడి గుండిగ దొర్లించుకుంటూ వచ్చి అరుగు మీద పెట్టి పోయాడు. అద్దంలా మెరుస్తోంది.

"బాగుంది వరస!" నాచమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "అడుక్కుని తిన్నది చాలక, చిప్ప కూడా పట్టుకుపోయాడా!"

"నెమ్మదే! గోడలకు చెవులుంటాయి!" బయ్యన తలుపు దగ్గరికి లాగాడు.

నాచమ్మ ఆ గుండిగలో ఏనాడూ మెతుకు వండలేదు. కానీ ఊరికే పారేసే మనిషి కాదు. కిటికీ పక్కన వెలుగు పడేచోట నిలబెట్టింది. ఆ రోజు నుంచీ పొద్దున్నే లేచి, అందులో మొహం చూసుకుని బొట్టు పెట్టుకునేది.